పరీక్షలన్నీ బాగున్నా కడుపు, మనసు కుదుటపడటం లేదు

ప్రశ్న: నా వయసు 34 ఏళ్లు. రెండేళ్లుగా కడుపునొప్పి, ఉబ్బరం, తరచూ విరేచనాలు. కొలనోస్కోపీలో, రక్తపరీక్షల్లో ఏమీ లేదన్నారు. ఏడాదిగా ఆందోళన, దిగులు, నిద్రలేమి కూడా తోడయ్యాయి. మానసిక వైద్యులను కలవమంటున్నారు. జబ్బు కడుపులోదా, మనసులోదా? మేలుచేసే బ్యాక్టీరియా ఉండే ప్రొబయాటిక్స్ వాడితే సరిపోతుందా?

జవాబు: మీ బాధ మీరు ఊహించుకున్నది కాదు. పరీక్షల్లో ఏమీ లేదంటే పుండు, వాపు, కణితి వంటివి కనిపించలేదనే అర్థం. మీ లక్షణాలను బట్టి ఇది ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ కావచ్చు. ఇందులో పేగులకూ మెదడుకూ మధ్య నడిచే సంకేతాలు గతి తప్పుతాయి కాబట్టి, జబ్బు కడుపులోదా మనసులోదా అని విడదీయడం కుదరదు. కొందరిలో ముందు కడుపు చెడుతుంది, మరికొందరిలో ముందు మనసు కలత చెందుతుంది.

మెదడునూ పేగులనూ కలిపే వేగస్ నాడిలో సుమారు 80 శాతం పోగులు శరీరం లోపలి సమాచారాన్ని మెదడుకు చేరవేసేవే. మనసు తీరుపై ప్రభావం చూపే సెరొటోనిన్ అనే రసాయనంలో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుందన్న మాట నిజమే గానీ, అది రక్తం నుంచి మెదడులోకి వెళ్లలేదు. ఈ సంగతి దాచి మందులు అమ్మేవారిని నమ్మకండి.

రోగ నిరోధక వ్యవస్థ పాత్ర కూడా ముఖ్యమైనదే. పేగుల్లోని బ్యాక్టీరియా పీచును పులియబెట్టినప్పుడు పుట్టే బ్యుటిరేట్ పేగుల లోపలి పొరకు శక్తినిస్తుంది. ఆ పొర బలహీనపడితే నిరోధక కణాలు రెచ్చిపోయి సైటోకైన్లనే రసాయనాలను విడుదల చేస్తాయి, వాటి ప్రభావం మెదడుపై పడితే నిస్సత్తువ, నిరాసక్తత, నిద్రలేమి తలెత్తవచ్చు. హెపటైటిస్-సికి ఇంటర్‌ఫెరాన్ అనే సైటోకైన్‌నే మందుగా ఇచ్చిన రోజుల్లో, అంతకుముందు ఏ మానసిక సమస్యా లేనివారిలోనూ కుంగుబాటు రావడం వైద్యులు చూశారు.

అయినా ప్రొబయాటిక్స్ ఒక్కటే సరిపోవు. కొన్ని రకాలు ఉబ్బరాన్ని కొంత తగ్గించవచ్చు గానీ, కుంగుబాటు చికిత్సకు అవి ప్రత్యామ్నాయం కావు. మానసిక వైద్యులను తప్పక కలవండి. కుంగుబాటుకు వాడే కొన్ని మందులు తక్కువ మోతాదులో కడుపునొప్పినీ తగ్గిస్తాయి, ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స అయిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ కడుపుకూ మనసుకూ మేలు చేస్తుంది. నీటిలో కరిగే పీచును ఒక్కసారిగా కాకుండా, కొద్దికొద్దిగా పెంచండి. సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ పడని జబ్బు), థైరాయిడ్ పరీక్షలు చేయించారో లేదో ఒకసారి చూసుకోండి.

మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, నిద్రలోంచి లేచి విరేచనానికి వెళ్లాల్సి వస్తున్నా మళ్లీ ఉదరకోశ నిపుణుల దగ్గరికి వెళ్లాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా, ఇంట్లోవారికి చెప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.