లోయ బాటల్లో తొలిసారి సైకిలుపై దిగబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే నెలలో నీ స్నేహితులతో కలిసి కొండల నడుమ ఉన్న బైక్ పార్కుకు వెళ్తున్నావని, నాలుగు రోజులు అక్కడి ట్రెయిళ్ళ (సైకిలు బాటల) మీదే గడపబోతున్నావని నీ ఉత్తరం చూసి చాలా సంతోషించాను. ఏ సైకిలు మంచిదని అడిగావు. ముందూ వెనకా సస్పెన్షన్, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, మీట నొక్కగానే సీటు కిందికి దిగే డ్రాపర్ పోస్టు ఉన్న సైకిలును అక్కడే అద్దెకు తీసుకో. సొంతది కొనే సంగతి తిరిగి వచ్చాక చూద్దాం. నీవు అడగని విషయం ఒకటి ఉంది. ముప్పై ఏళ్ళుగా కొండ బాటల మీద తిరిగిన నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది అదే కనుక, ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను. అది బ్రేకు పట్టే పద్ధతి.

మౌంటెన్ బైకింగ్ అనే ఈ క్రీడ పుట్టుకలోనే బ్రేకు కథ ఉంది. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కొండల్లో కొందరు యువకులు పాతకాలపు బరువైన సైకిళ్ళతో ఒక మట్టిదారిన దిగే పందేలు మొదలుపెట్టారు. సుమారు రెండు మైళ్ళలో 1,300 అడుగులు దిగే దారి అది. పెడలును వెనక్కి తొక్కితే పట్టే ఆనాటి హబ్ (చక్రం నడిబొడ్డు) బ్రేకులు కిందికి చేరేసరికి ఎంతగా కాలిపోయేవంటే, లోపలి గ్రీజు పొగలై పోయి, ప్రతిసారీ హబ్ విప్పి కొత్త గ్రీజు నింపవలసి వచ్చేది. అందువల్లనే ఆ దారికి ‘రీప్యాక్’ (మళ్ళీ నింపడం) అనే పేరు వచ్చింది. నేటి డిస్క్ బ్రేకులు ఎంతో మెరుగైనవే, కాని వాటికీ వేడి బెడద తప్పలేదు. బ్రేకు లీవరును సగం నొక్కి పట్టుకొని కొండంతా దిగేవారి డిస్కులకు చల్లారే వ్యవధి దొరకదు. కొంత దూరం పోయాక డిస్కును ఒత్తే ప్యాడ్ల పట్టు సడలుతుంది, ఆ దిగుడులోనే వేళ్ళు కూడా తిమ్మిరెక్కుతాయి. మలుపుకు ముందు, బాట తిన్నగా ఉన్నచోట, గట్టిగా బ్రేకు పట్టి వేగం తగ్గించుకొని, మలుపులోకి ప్రవేశించగానే వదిలేయడం అలవాటు చేసుకో. లీవరు మీద ఒక్క చూపుడువేలు చాలు, తక్కిన వేళ్ళు హ్యాండిలును పట్టుకోవాలి.

ముందు బ్రేకు అంటే నీకు భయమని నాకు తెలుసు. అయినా సైకిలును ఆపే బలంలో ఎక్కువ వంతు దానిదే. వెనక బ్రేకు ఒక్కదానినే నమ్ముకుంటే చక్రం బిగుసుకొని జారుతుంది, బాట కూడా చెడుతుంది. బయలుదేరేలోపు ఏదైనా ఖాళీ మైదానంలో రోజూ పావుగంటసేపు, సీటు దించి, మడమలు కిందికి నొక్కి, మోచేతులు కాస్త వెడల్పుగా ఉంచి, ముందు బ్రేకును మెల్లమెల్లగా బిగిస్తూ ఎంత తక్కువ దూరంలో ఆగగలవో చూసుకో. బరువంతా పాదాల మీద ఉండాలి, చేతులు తేలికగా ఉండాలి. చూపు ముందు చక్రం మీద కాక, నీవు చేరబోయే చోటి మీద నిలవాలి.

పార్కులో బాటలకు సులువైనదాని నుంచి కష్టమైనదాని దాకా రంగులు ఉంటాయి. బ్రిటన్‌లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు అనే వరుస కనిపిస్తుంది. ఉత్తర అమెరికాలో ఆకుపచ్చ వృత్తం, నీలం చతురస్రం, నలుపు వజ్రం, ఆ పైన జంట నలుపు వజ్రాలు. ఒక లోయలోని నీలం మరొక లోయలోని నీలంతో సమానం కాదు కనుక, ఎంత అనుభవం ఉన్నా మొదటి దిగుడు ఆకుపచ్చ బాటలోనే మొదలుపెట్టు. ఏ కొత్త బాటనైనా మొదటిసారి నెమ్మదిగా, అవసరమైన చోట ఆగి చూస్తూ దిగాలి. రెండోసారి ఆగకుండా దిగాలి. వేగం సంగతి మూడోసారికి వదలాలి. ఎగిరి దూకే మిట్టల్లో పైభాగం బల్లలా చదునుగా ఉన్నది నీ పొరపాటును క్షమిస్తుంది, మధ్యలో గండి ఉన్నది క్షమించదు. ఈ నాలుగు రోజుల్లో గండి జోలికి పోవద్దని మామయ్యగా నా ఖచ్చితమైన మాట.

లిఫ్టో వ్యానో సైకిలుతో సహా పైకి చేర్చే పార్కుల్లో మరొక చిక్కు ఉంది. తొక్కుకుంటూ కొండెక్కినవారికి ఊపిరి, తొడలు తమ అలసటను ముందే చెబుతాయి. సుఖంగా పైకి చేరినవారికి ఆ హెచ్చరిక రాదు. అరచేతులు, ముంజేతులు, చూపు మాత్రం దిగిన ప్రతిసారీ కొంత అరుగుతూనే ఉంటాయి. ఒక సాయంత్రం, అప్పటికే పదకొండుసార్లు దిగిన నేను, చివరగా ఇంకొక్కసారి అనుకొని, పొద్దున ఎంతో సులువుగా దాటిన చెట్టువేరునే దాటబోయాను. లోయలో నీడ ముందే పరుచుకుంది, వేరు చెమ్మగిల్లింది, నా వేలు ఆలస్యంగా కదిలింది. ఎడమ కాలర్ ఎముక (మెడ కింద భుజం దాకా ఉండే ఎముక) విరిగి, రెండు నెలలు చేయి కట్టుతో గడిపాను. నీవు దిగుడులు లెక్కపెట్టుకోవద్దు. లీవరు నొక్కేటప్పుడు వేలు వణికిందంటే ఆ పూటకు ఆపేయి. తడిసిన వేరును అడ్డంగా, లంబకోణంలో, బ్రేకు పట్టకుండా దాటాలి. దాని వెంట ఏటవాలుగా పోతే చక్రం జారక తప్పదు.

లోయ వాతావరణం గురించి కూడా రాయాలి. రాత్రి చల్లని గాలి వాలుల మీదుగా కిందికి దిగి అడుగున చేరుతుంది కనుక, పొద్దున కొండ కొసకన్నా లోయలోనే చలి, మంచు ఎక్కువగా ఉండవచ్చు. ఎండ తగిలే వాలు త్వరగా ఆరుతుంది, నీడ వాలు మధ్యాహ్నం దాకా తడిగానే ఉంటుంది. ఉదయం ఎండ వాలు మీది బాటలనే ఎంచుకో. వాన వెలిసిన వెంటనే మెత్తటి మట్టి బాటల మీదికి వెళ్ళవద్దు. మంచి బాటను కట్టేవారు దాన్ని వాలుకు అడ్డంగా, కొండవాలు ఎంత నిట్రంగా ఉందో అందులో సగానికి మించని ఏటవాలుతో, సగటున పది శాతం (నూరడుగులకు పది అడుగుల దిగుడు) దగ్గర ఉండేలా, మధ్యమధ్య చిన్న ఎగుడుతో నడిపిస్తారు. అలా చేయడం వల్ల నీరు బాట వెంట పారకుండా పక్కకు జారిపోతుంది. తడిమట్టిలో నీ చక్రం గీసిన గాడి ఆ నీటికి కాలువగా మారి, ఎవరో పలుగు పారతో నెలల తరబడి చేసిన పనిని కోసేస్తుంది. ఆ పని చేసిన చేతులు నేను చూశాను, అందుకే ఈ మాట ఇంత గట్టిగా రాస్తున్నాను.

టైర్లలో గాలి అద్దె ఇచ్చేవారినే నీ బరువు చెప్పి సరిచూడమను. వెనక చక్రం కన్నా ముందు చక్రంలో ఒకటి రెండు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తక్కువ ఉంటే పట్టు బాగుంటుంది. దవడను కూడా కప్పే హెల్మెట్, మోకాలి రక్షలు, చేతి తొడుగులు తప్పనిసరి. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ లోపలి నురుగు నలిగిపోయి ఉంటుంది, పైకి బాగానే కనిపించినా దాన్ని మళ్ళీ పెట్టుకోకు.

బాట మధ్యలో ఎన్నడూ ఆగవద్దు. పక్కకు జరిగి, పైనుంచి వచ్చేవారికి కనబడే చోట నిలబడు. ఎవరైనా పడితే, ముందుగా ఒకరిని బాట వెంట పైకి పంపి వచ్చేవారిని ఆపించి, ఆ తర్వాతే గాయం చూడండి. మెడ లేదా వెన్ను నొప్పి అన్నవారిని కదిలించవద్దు. లోయల్లో ఫోను సిగ్నలు నమ్మకంగా ఉండదు కనుక, పార్కు వారి అత్యవసర నంబరు, బాట పేరు, దగ్గరి గుర్తు స్తంభం సంఖ్య కాగితం మీద రాసి జేబులో ఉంచుకో.

మొదటి రోజు సాయంత్రం ఏ బాటను మూడుసార్లు దిగావో, మూడోసారి ఏ మలుపులో బ్రేకు తాకనవసరం లేకపోయిందో నాకు రాయి. దాన్ని బట్టి రెండో రోజుకు ఏ బాట తగినదో చెబుతాను.

ఇట్లు,
నీ మామయ్య