టెక్ సందేహాలు: పాత అల్లాయ్ చక్రాన్ని ముందు వెనక్కి తిప్పి చూడండి

ప్రశ్న: 1960ల నాటి మినీ కూపర్‌ కొన్నాను. దానికి ఎనిమిది స్పోకుల చక్రాలున్నాయి. ఫోన్‌లో ఫొటో తీసి వెతికితే ‘మినీలైట్’ అని చూపిస్తోంది. నమ్మొచ్చా?

జవాబు: ఫొటో చూసి వెతికే యాప్‌లు ఆకారాన్ని పోల్చి చెబుతాయి, అంతకుమించి వాటికేమీ తెలియదు. ఎనిమిది స్పోకుల ఆకారమేమో ఒక్కరి సొత్తు కాదు. ఇంగ్లండ్‌లో టెక్ డెల్ సంస్థ మెగ్నీషియంతో పోతపోసిన మినీలైట్, అదే సంస్థ అల్యూమినియంలో తెచ్చిన మినేటర్, జపాన్ వారి ఆర్‌ఎస్ వటనబే, ఆ తర్వాత వచ్చిన లెక్కలేనన్ని నకళ్లు... ముందు నుంచి చూస్తే అన్నీ కవలలే. అసలు సంగతి చక్రం వెనక ఉంటుంది.

చక్రం విప్పి బోర్లించండి. గ్రీజు, బ్రేకు దుమ్ము పోయేలా కిరోసిన్‌లో ముంచిన నైలాన్ బ్రష్‌తో రుద్దండి. ఇనుప తీగల బ్రష్ వాడొద్దు. అది అక్షరాలను అరగదీయడమే కాదు, ఇనుప రజను మెత్తటి లోహంలో దిగబడి తర్వాత అక్కడే తినేయడం మొదలవుతుంది. స్పోకుల వెనక, హబ్‌కు (కారులో చక్రాన్ని బిగించే ముఖానికి) ఆనే భాగం చుట్టూ తయారీదారు పేరు, పోత నంబరు, సైజు ఉబ్బెత్తుగా ఉంటాయి. ‘5½ జె × 13’ అని ఉంటే వెడల్పు 5½ అంగుళాలు, వ్యాసం 13 అంగుళాలు; ‘జె’ అంచు ఆకారానికి గుర్తు. అక్షరాలు అరిగిపోయి ఉంటే గది చీకటి చేసి, టార్చిని లోహానికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పెట్టి ఫొటో తీయండి. పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దినా చాలాసార్లు ఫొటో కంటే స్పష్టంగా వస్తుంది. యాప్‌లో వెతకాల్సింది ఈ నంబరునే, చక్రం బొమ్మను కాదు. 1960ల నాటిదని అమ్మిన ఇంగ్లండ్ చక్రం మీద ‘జేడబ్ల్యూఎల్’ అనే జపాన్ భద్రతా ముద్ర కనిపిస్తే, అది తర్వాతి కాలపు నకలే.

ఇక లోహం. ఘన సెంటీమీటరు అల్యూమినియం 2.7 గ్రాములైతే, మెగ్నీషియం మిశ్రమం దాదాపు 1.8 గ్రాములు. అంటే అదే సైజు, అదే ఆకారం ఉన్న మెగ్నీషియం చక్రం మూడోవంతు తేలిక. తూచి పోల్చడానికి జత చక్రం లేకపోతే, వెనక ఎవరికీ కనపడని చోట చిటికెన గోరంత మేర పెయింటు గీకి, మెరిసే లోహం మీద తెల్ల వెనిగర్ ఒక చుక్క వేయండి. వెంటనే బుసబుస నురగ వస్తే మెగ్నీషియం. అల్యూమినియం కదలదు. పరీక్ష కాగానే నీళ్లతో కడిగి ఆరబెట్టండి. పాత చక్రం మీద ఏ పని చేయించాలన్నా ముందు తేలాల్సింది ఇదే. ఒక లోహానికి మందయింది ఇంకోదానికి విషం.

ప్రశ్న: సైజు ముద్రలు లేని నాలుగు బోల్టుల చక్రాలు దొరికాయి. నా ఫియట్ 124 స్పైడర్‌కు సరిపోతాయో లేదో ఎలా కొలవాలి?

జవాబు: బోల్టు రంధ్రాల మధ్యబిందువుల గుండా గీసే వృత్తం వ్యాసమే పీసీడీ. నాలుగు రంధ్రాలైతే ఎదురెదురు రంధ్రాల మధ్యబిందువుల దూరమే అది. ఐదు రంధ్రాల చక్రాలకు ఎదురు రంధ్రం ఉండదు కాబట్టి, పక్కపక్క రంధ్రాల దూరాన్ని 1.701తో గుణించాలి. పక్కపక్క రంధ్రాల దూరం 76.4 మిల్లీమీటర్లు వచ్చిందంటే పీసీడీ 130, అది పోర్షే 911 కొలత. మీ ఫియట్‌ది 98. తంటా ఏమిటంటే 98, 100, పాత మినీ వాడే 101.6 మూడూ కంటికి ఒకేలా ఉంటాయి. 100 పీసీడీ చక్రాన్ని 98 హబ్ మీద పెడితే ఒక బోల్టు సరిగ్గా కూర్చుంటుంది, మిగతావి ఏటవాలుగా బిగుసుకుని ‘బిగిసింది’ అనే భ్రమ కలిగిస్తాయి. ఆ ఒరిగిన బోల్టులే రోడ్డు మీద వదులవుతాయి, లేదా విరుగుతాయి. వెర్నియర్ క్యాలిపర్‌తో కొలవండి, టేపుతో కాదు.

ఆఫ్‌సెట్‌కు (చక్రం వెడల్పు మధ్యగీత నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎంత దూరంలో ఉందో ఆ కొలతకు) చక్రాన్ని బోర్లించి వెనక అంచుల మీద ఒక తిన్నటి పట్టీ ఆనించండి. పట్టీ నుంచి హబ్‌కు ఆనే ముఖం వరకు లోతు కొలవండి. అందులోంచి చక్రం మొత్తం బయటి వెడల్పులో సగం తీసేయండి. లోతు 114, వెడల్పు 178 మిల్లీమీటర్లయితే 114 – 89 = +25. ‘6 జె’ అనేది టైరు కూర్చునే చోటి వెడల్పు. అంచుతో అంచుకు కొలిస్తే దాదాపు ఒక అంగుళం ఎక్కువ వస్తుంది. లెక్కకు ఆ పూర్తి వెడల్పే కావాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

బోల్టు కూర్చునే గుంట ఆకారం కూడా చూడండి. 60 డిగ్రీల శంకువు, గుండ్రటి గిన్నె, వాషరుతో కూర్చునే చదును ముఖం అని మూడు రకాలు. శంకువు గుంటలో గుండ్రటి బోల్టు వేస్తే సన్నటి వలయం మీద మాత్రమే ఆనుతుంది. టార్కు రెంచి (బిగింపు బలాన్ని కొలిచే పానా) ‘టక్’ మన్నా అది బిగిసినట్టు కాదు.

ప్రశ్న: పాత మెగ్నీషియం చక్రాల మీద పెయింటు పొంగి, కింద తెల్లటి పొడి రాలుతోంది. సాండ్‌బ్లాస్టింగ్ (ఇసుకను వేగంగా కొట్టి పెయింటు రాల్చడం) చేసి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో కరిగించే పూత) వేస్తామని వర్క్‌షాపు వాళ్లు అంటున్నారు. ఇచ్చేయమంటారా?

జవాబు: ఆ వరసలో ఇవ్వొద్దు. బ్లాస్టింగ్ దెబ్బలకు మెత్తటి లోహం పైపొర సాగి, సన్నటి పగుళ్ల నోళ్లు మూసుకుపోతాయి. ఆ తర్వాత చేసే పరీక్షలో అవి బయటపడవు. కాబట్టి ముందు రసాయనంతో పెయింటు తీయించాలి, తర్వాత పగుళ్ల పరీక్ష, అది గట్టెక్కితేనే మిగతాది.

రసాయనంలోనూ మెలిక ఉంది. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని కరిగించేస్తుంది, మెగ్నీషియాన్ని ఏమీ చేయదు. ఆమ్లాలు మెగ్నీషియాన్ని తినేస్తాయి. చక్రాలు తళతళలాడిస్తామనే ఆమ్లపు క్లీనర్లు మీ చక్రాల దరిదాపుల్లోకి రానివ్వకండి. ఏ లోహమో ఇంకా అనుమానం ఉంటే ఆమ్లం గానీ క్షారం గానీ లేని సాల్వెంట్ స్ట్రిప్పరే వాడాలి.

పగుళ్లకు డై పెనెట్రంట్ కిట్ (పగుళ్లలోకి దిగే రంగుతో వాటిని బయటపెట్టేది) చాలు. సాల్వెంట్‌తో జిడ్డు తుడిచి, ఎర్ర రంగు స్ప్రే చేసి 10 – 15 నిమిషాలు వదిలేయండి. తర్వాత సాల్వెంట్‌తో తడిపిన గుడ్డతో తుడవండి. సాల్వెంట్‌ను నేరుగా చక్రం మీద కొట్టకండి, పగుళ్లలో దిగిన రంగు కూడా కొట్టుకుపోతుంది. పగుళ్లలోని రంగును పైకి లాగే తెల్ల డెవలపర్ పల్చగా కొట్టి పది నిమిషాలు ఆగండి. చెదురుమదురు ఎర్ర చుక్కలు పోతలోని సన్నటి రంధ్రాలు. గీత కనిపిస్తే పగులు. స్పోకు మొదళ్లు, బోల్టు రంధ్రాల మధ్య భాగం, లోపలి అంచు బాగా చూడండి. స్పోకు మొదట్లోనో రంధ్రం దగ్గరో గీత వచ్చిందంటే ఆ చక్రం గోడకు తగిలించుకోవడానికే. వెల్డింగ్‌తో అతికినా ఆ వేడికి చుట్టుపక్కల లోహం బలం పోతుంది. వంగిన అంచును సుత్తితో సరిచేసే ఆలోచన కూడా మానండి. మెగ్నీషియం మామూలు వేడిమి దగ్గర సాగదు, పగులుతుంది.

తెల్ల పొడిని మెరిసే లోహం తేలేదాకా 180, తర్వాత 320 నంబరు సాండ్‌పేపర్‌తో చేత్తోనే తీయండి. గ్రైండర్ వద్దు. మెగ్నీషియం రజనుకు నిప్పురవ్వ చాలు. అంటుకుంటే నీళ్లు పోయకూడదు, హైడ్రోజన్ పుట్టి మంట ఎగుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ పనికిరాదు. పక్కన బకెట్టు నిండా పొడి ఇసుక ఉంచుకోండి. తడి రజనును మూత బిగించిన డబ్బాలో దాచడమూ ప్రమాదమే, లోపల అదే హైడ్రోజన్ చేరుతుంది.

తర్వాత లోహం తినకుండా కాపాడే క్రోమేట్ పూత. ఆ రసాయనం విషం, కాబట్టి దాన్ని ఆ పని చేసే ప్లేటింగ్ వర్క్‌షాపుకే వదలండి. తెచ్చిన రోజే ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, దాని మీద టూకే రంగు (హార్డెనర్ కలిపి వాడే రెండు భాగాల పెయింటు). టూకే హార్డెనర్‌లో పీలిస్తే హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, మామూలు మాస్కు ఆపదు, బయటి గాలి అందించే మాస్కు కావాలి. పౌడర్ కోటింగ్ నా ఓటు కాదు. 180 – 200 డిగ్రీల దగ్గర కాల్చేటప్పుడు పాత పోత రంధ్రాల్లోని గాలి పొంగి పూతలో సూది బెజ్జాలు చేస్తుంది. తేమ వాటిలోంచి దిగి, గట్టి పూత కింద కనపడకుండా పాకుతుంది. అల్యూమినియం చక్రాలనైనా పదేపదే ఆ వేడికి గురిచేస్తే వేడి చికిత్సతో వచ్చిన గట్టిదనం తగ్గుతుంది.

రంగు వేసేముందు బోల్టు గుంటలకు, హబ్‌కు ఆనే ముఖానికి ప్రైమర్ తప్ప మరేదీ పడకుండా టేపు వేయండి. మందపాటి రంగు బిగింపు కింద నలిగి, నట్టు పట్టు వదులుతుంది. ఎక్కించాక 80 – 100 కిలోమీటర్లకు టార్కు మళ్లీ చూడండి.

ప్రశ్న: పోర్షే 911 ఫుక్స్ చక్రాలను అద్దంలా పాలిష్ చేయించనా?

జవాబు: వద్దు. 1967 మోడల్ 911 ఎస్‌తో వచ్చిన ఈ చక్రాలు పోతవి కావు, ఫోర్జింగ్‌వి, అంటే ఘన లోహాన్ని ఒత్తిడితో మలిచినవి. పైన ఉండేది మెత్తని మెరుపుతో అనోడైజింగ్ (విద్యుత్తుతో అల్యూమినియం మీద పెంచిన రక్షణ పొర). పాలిష్ అంటే ఆ పొరను గీకేయడమే. ఆ తర్వాత లోహం మసకబారుతూనే ఉంటుంది, మీరు రుద్దుతూనే ఉండాలి. పైగా అసలు ముగింపు కోరుకునే కొనుగోలుదారు వెనక్కి తగ్గుతాడు. తటస్థ సబ్బుతో కడిగి, నల్ల భాగాలకు మాత్రం రంగు వేయించండి. వెనక 901.361 లేదా 911.361తో మొదలయ్యే భాగం నంబరు, నెల–సంవత్సరం ముద్ర ఉంటాయి. నాలుగింటి తేదీలూ దగ్గరదగ్గరగా ఉన్నాయేమో చూడండి. నట్ల టార్కు 130 న్యూటన్ మీటర్లు.

ప్రశ్న: 1980ల బీఎండబ్ల్యూ 6 సిరీస్ చక్రాల మీద ‘390’ అని ఉంది. 15 అంగుళాల టైరు ఎక్కడం లేదు.

జవాబు: ఎక్కదు, బలవంతం చేయకండి. అది టైర్ల సంస్థ మిషెలిన్ 1975లో తెచ్చిన టీఆర్‌ఎక్స్ పద్ధతి, కొలత మిల్లీమీటర్లలో. 15 అంగుళాలంటే 381, 16 అంటే 406.4. మీది రెంటికీ మధ్యన ఉంది, అంచు ఆకారం కూడా వేరు. టీఆర్‌ఎక్స్ టైర్లే వేయాలి. రోజూ తిరగాలంటే అంగుళాల చక్రాల సెట్టు ఒకటి కొని, వీటిని దాచుకోండి.

ప్రశ్న: బాగుచేయించిన మెగ్నీషియం చక్రాల్లో రాత్రికి రాత్రే గాలి తగ్గుతోంది. వాల్వు మార్చినా అంతే.

జవాబు: చక్రాన్ని నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడండి. టైరు అంచు దగ్గర కాకుండా లోహంలోంచే వస్తుంటే, పోత రంధ్రాలే కారణం. టైరు విప్పి లోపలి వైపు ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు వేస్తే చాలావరకు ఆగుతుంది. మరీ పాత చక్రాలకు టైరు అంచును పట్టి ఉంచే లోపలి గట్టు ఉండదు. అలాంటి వాటిలో గాలి తగ్గి ఉండగా మలుపు తిప్పితే ట్యూబ్‌లెస్ టైరు అంచు లోపలికి జారిపోవచ్చు. వాటికి ట్యూబే మేలు. రేడియల్ టైరుకు తగిన ట్యూబు అడిగి తీసుకోండి, టైరు లోపల అంటించిన కాగితం స్టిక్కర్లు పీకేయండి, వాల్వు రంధ్రం అంచులు నున్నగా రుద్దండి. ట్యూబును కోసేవి ఎక్కువగా ఆ రెండే.