రాజీ లేనిచోట రాజీనామా ఏమిటి?

సందేహం: 1861లో అమెరికా అంతర్యుద్ధం రాగానే రాబర్ట్ లీ వంటి పెద్ద సైనికాధికారులు 'రాజీనామా చేసి' దక్షిణాది పక్షంలో చేరారని చదివాను. రాజీ పడలేకే కదా కొలువు వదిలారు! ఇందులో రాజీ ఎక్కడుంది? 'ఫిరాయించారు' అనకూడదా?

సమాధానం: పట్టుకోవలసిన చోటే పట్టుకున్నారు. రాజీ అరబ్బీ మాట, సమ్మతించినవాడని అర్థం. నామా పారసీ, అంటే పత్రం. తగవు తీర్చుకున్న వాది ప్రతివాదులు రాసుకునేదీ రాజీనామాయే. మరి కొలువు వదలడానికి ఎలా వచ్చింది? బొంబాయి ఇలాకా రెవెన్యూ పద్ధతి చూడండి. భూమి వదులుకునే రైతు 'నాకు సమ్మతమే' అని రాజీనామా రాసిస్తే, కొత్తగా పట్టేవాడు కబూలియత్, అంటే ఒప్పుకోలు పత్రం, రాసిచ్చేవాడు. ఉద్యోగపు రాజీనామా కూడా ఆ దారినే వచ్చి ఉంటుందని నా ఊహ. ఉర్దూవారు దీన్ని ఇస్తీఫా అంటారు. మరాఠీ, కన్నడం మన పక్షమే. అంటే ఇక్కడ రాజీ ఏలికతో కాదు, వదులుకోవడానికి.

ఫిరాయింపు వేరు. హిందీ ఫిరానా, తిప్పడం. టెక్సస్‌లో జనరల్ ట్విగ్స్ కేంద్ర సైన్యపు కొలువులో ఉంటూనే తన కింది దళాల స్థావరాలనూ సరంజామానూ దేశం నుంచి విడిపోయిన దక్షిణాదివారికి అప్పగించాడు. మార్చి 1న బర్తరఫ్ అయ్యాడు. అదీ ఫిరాయింపంటే! యుద్ధానికి ముందే, అందరూ చూస్తుండగా పాండవుల వైపు నడిచిన ధృతరాష్ట్రుడి కొడుకు యుయుత్సుణ్ని అలా అనం కదా.

లీ సంగతి చిక్కే. ఏప్రిల్ 17న ఆయన సొంత రాష్ట్రం వర్జీనియా విడిపోవాలని తీర్మానించింది. 18న కేంద్ర సేనానాయకత్వం ఇవ్వజూపితే లీ వద్దన్నాడు. సొంత రాష్ట్రంపై కత్తి ఎత్తలేనని 20న రాజీనామా రాశాడు. (ఆ దక్షిణాది రాష్ట్రాలు విడిపోయింది బానిసత్వం నిలుపుకోవడానికన్నది మరవకండి.) పుట్టినగడ్డ ఒక్కటే కారణమనీ అనలేం. వర్జీనియాలోనే పుట్టిన సైనికాధికారులు విన్‌ఫీల్డ్ స్కాట్, జార్జి థామస్ కేంద్ర సైన్యం వదిలి కదలలేదు. ఉత్తరాదివాడైన మరో అధికారి శామ్యూల్ కూపర్‌కు అత్తవారు వర్జీనియావారు, ఆయన అటే వెళ్లాడు.

మన పత్రికలకైతే ఈ గొడవే లేదు, అందరూ 'రాజీనామా చేయడం జరిగింది'. 'చేశాడు' అంటే నాలుక కాలుతుందా?

లీ చేసింది రాజీనామాయే అంటాను, కొంచెం వెనకాడుతూ. 23నే వర్జీనియా సేనలకు నాయకత్వం చేపట్టాడు, రాజీనామాకు ఆమోదం పడింది 25న. ఆమోదం అందకముందే కొలువు విడిచిన అధికారిని పరారీగా లెక్కించే చట్టం ఆగస్టులో గానీ రాలేదు. ఆ నడిమి రెండు రోజులకు ఏ మాట వాడాలో మీరే తేల్చుకోండి.