ఇది ఎంసెట్ కాదు బిడ్డా

బిడ్డా,

నీ మెయిలు వచ్చి మూడు రోజులైంది. ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) పీహెచ్‌డీ దరఖాస్తుకు నువ్వు రాసుకున్న స్టేట్‌మెంట్ ఒకటికి రెండుసార్లు చదివాకే జవాబు రాద్దామని ఆగాను. ఈలోపు మీ బాపు ఫోన్ చేసి, "ఏందే, అది ఎముకల చదువంటగదా, దానికి అమెరికా దాకా పోవాల్నా?" అని అడిగాడు. ఎముకలు కూడా అందులో ఒక భాగమే అన్నా అని చెప్పాను. అమెరికాలో ఆంత్రోపాలజీ శాఖ అంటే నాలుగు అర్రల ఇల్లు: సమాజం-సంస్కృతి ఒకటి, పురావస్తువు ఒకటి, భాష ఒకటి, మనిషి శరీరం ఒకటి. నువ్వు పోయేది మొదటి అర్రలోకి అని అన్నకు అర్థం చేయించేసరికి అరగంట పట్టింది. నీ దరఖాస్తు చదివేవాళ్ల దగ్గర అంత టైముండదు. నేను అడ్మిషన్ కమిటీలో కూర్చున్న ఏడాదుల్లో తొలి విడతలో ఒక్కో ఫైలుకు పావుగంట ఇవ్వగలిగితే గొప్ప.

అందుకే ముందు నీ మొదటి పేరా సంగతి. "చిన్నప్పటి నుంచీ నాకు భిన్న సంస్కృతులంటే ఆసక్తి" అని మొదలుపెట్టావు. తర్వాత పదో తరగతి మార్కులు, గోల్డ్ మెడల్, మీ బాపు పడ్డ కష్టం. నేను 2003లో అచ్చం ఇదే రాశాను. పదకొండు చోట్లకు పంపితే పదకొండు చోట్ల నుంచీ కాదన్నారు. ఆ ఫీజులన్నీ మీ తాత మిర్చి అమ్మిన డబ్బు. నాకు మార్కులు తక్కువై రాలేదేమో అనుకుని ఆ ఎండాకాలమంతా ఏడ్చాను. ఇప్పుడు బల్లకు ఇవతల కూర్చుంటే తెలుస్తోంది, మార్కులు అసలు సమస్యే కాదు.

మనం ఎంసెట్ పిల్లలం. ర్యాంకు వస్తే సీటు దానంతటదే వస్తుందన్న లెక్క మన ఒంట్లో ఉంటుంది. ఇక్కడ ర్యాంకు లేదు. ఒక శాఖ ఏడాదికి ఐదుగురినో ఎనిమిది మందినో తీసుకుంటుంది. "ఈ పిల్ల ఎంత తెలివైనది" అన్న మాట కమిటీ గదిలో పెద్దగా వినపడదు. "ఈ పిల్ల ప్రశ్నతో ఏడేళ్లు కూర్చునేవాళ్లు మన దగ్గర ఎవరున్నారు?" అన్నదే వినపడుతుంది. ఎవరూ లేకపోతే ఎంత మంచి ఫైలైనా పక్కకు పోతుంది. సంబంధం కుదరలేదంటే పిల్లలో లోపమున్నట్టా?

నీ ప్రశ్న ఎక్కడుందో తెలుసా? మూడో పేజీ కింద, నాలుగు లైన్లలో. ఏనుమాముల మార్కెట్ యార్డులో దడువాయి మిర్చి బస్తాను కాంటా మీద పెట్టి అంకె పైకి చెప్తాడు. రైతు సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు గుమస్తా తక్‌పట్టీ (లెక్క చీటీ) మీద ఇంకో అంకె వేస్తాడు. మధ్యలో పోయింది 'తరుగు'. రైతు పక్కనే నిలబడి ఉంటాడు, ఏమీ అనడు. నువ్వు ఇది రాసి, వెంటనే "ఈ విధంగా రైతులు దోపిడీకి గురవుతున్నారు" అని తలుపేసేశావు. ఆ వాక్యం కొట్టెయ్. దోపిడీ ఉందని నాకూ తెలుసు, నీకూ తెలుసు, ఆ రైతుకు ఇంకా బాగా తెలుసు. అంత తెలిసినా ఆయన ఎందుకు ఊరుకుంటాడు? జూన్‌లో విత్తనాలకు అప్పిచ్చినవాడే మార్చిలో సరుకు అమ్మిపెడుతున్నాడు గనుకనా? ఎంత తరుగు తీస్తే న్యాయం, ఎంత తీస్తే గొడవ అన్న గీత ఎవరి నోట్లో ఉంది? ఊరుకోని రోజంటూ ఒకటి వస్తుంది కదా, ఆ రోజు ఏం మారింది? ఇక్కడ మొదలుపెట్టు. కాంటా, రెండు అంకెలు, మాట్లాడని మనిషి. మొదటి పేరా అయిపోయింది.

అయితే ప్రశ్న ఏనుమాములలోనే ఆగిపోతే ఇక్కడివాళ్లకు దానితో పనేముంటుంది? మొరాకోలో సెఫ్రూ అనే ఊరి బజారు మీద క్లిఫర్డ్ గీర్ట్జ్ అనే అమెరికా ఆంత్రోపాలజిస్టు 1979లో సుదీర్ఘంగా రాశాడు. బజారులో అన్నిటికంటే కరువైన సరుకు సమాచారం, అందుకే కొనేవాడు ప్రతిసారీ కొత్తవాడిని వెతక్కుండా ఒకరినే అంటిపెట్టుకుంటాడు అని ఆయన వాదన. మన అడ్తి ముందు ఆ మాట ఎంతవరకు నిలబడుతుంది? రైతుకు బరువు తెలుసు, ధర తెలుసు. సమాచారం లేక కాదు ఆయన ఊరుకున్నది. చూశావా, ఒక్క పేరాలో నువ్వు ఒక పెద్ద చర్చలోకి కుర్చీ లాక్కుని కూర్చున్నావు. పది పేర్లు ఉటంకించనక్కర్లేదు, ఒక్కరితో సరిగ్గా పేచీ పెట్టుకో చాలు.

"తెలంగాణ గ్రామాలపై ఇంతవరకు పరిశోధన జరగలేదు" అన్న వాక్యం కూడా తీసెయ్. ఆంత్రోపాలజిస్టు ఎస్.సి. దూబే 1955లోనే హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట ఊరి మీద పుస్తకం వేశాడు. ఆదిలాబాద్ గోండుల మధ్య ఏళ్ల తరబడి తిరిగిన ఆంత్రోపాలజిస్టు హైమన్‌డార్ఫ్ లండన్ యూనివర్సిటీలోని సోయాస్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. ఫైలు చదివేవాళ్లలో ఒక్కరికి ఇది తెలిసినా మిగతాదంతా అనుమానంగా చదువుతారు.

ఇక ఎక్కడెక్కడికి అన్నది. నువ్వు పంపిన పట్టిక యూనివర్సిటీ ర్యాంకుల ప్రకారం ఉంది. దాన్ని చింపేసి మనుషుల ప్రకారం రాసుకో. అప్పు, మార్కెట్లు, కొలతలు, వ్యవసాయం మీద పనిచేసేవాళ్లు ఒక శాఖలో కనీసం ఇద్దరుండాలి. ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరూ వేరే చోటికి వెళ్లిపోతే, నువ్వు నడిమిట్ల చిక్కుతావు. దక్షిణాసియా మీద పనిచేసే గుంపు, లైబ్రరీ ఉన్నాయా చూడు. నేను చదివిన చోట లైబ్రరీ నేలమాళిగలో 1960ల నాటి తెలుగు పుస్తకాలు, పల్లెటూరి ప్రెస్సుల్లో అచ్చయినవి, అరలకు అరలు ఉండేవి. ఇవెలా వచ్చాయా అని ఆరా తీస్తే, మన దేశం అమెరికా గోధుమలు కొని రూపాయల్లో కట్టిన డబ్బులో కొంతతో 1962 నుంచి భారతీయ భాషల పుస్తకాలు కొని ఇక్కడి లైబ్రరీలకు పంపారట. పీఎల్ 480 పథకం. తిండిగింజల బాకీ తెలుగు పుస్తకాలై అమెరికా చేరింది. అప్పు మీద పనిచేయబోయేదానివి, నీకు ఇది నచ్చుతుందని చెప్తున్నా.

ప్రొఫెసర్లకు ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో మెయిలు పెట్టు. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్" అని మొదలై ఐదు పేజీల బయోడేటాతో వచ్చేవి నాకే వారానికి నాలుగు వస్తాయి. నువ్వు పది లైన్లు రాయి: నేను ఫలానా, నా ప్రశ్న ఇది, మీరు ఫలానా వ్యాసంలో అన్న ఈ మాట దగ్గర నాకు సందేహం, వచ్చే ఏడాది మీరు విద్యార్థులను తీసుకుంటున్నారా? ఈ చివరి ముక్క ముఖ్యం. సెలవు మీద పోయేవాళ్లు, రిటైరయ్యేవాళ్లు ఉంటారు. శాఖకు శాఖే ఆ ఏడాది ఎవరినీ తీసుకోకపోవచ్చు కూడా. కోవిడ్ వచ్చిన ఏడాది అమెరికాలో వందకు పైగా పీహెచ్‌డీ ప్రోగ్రాములు అడ్మిషన్లు ఆపేశాయి. ఫీజు కట్టక ముందే తెలుసుకోవడం మేలు. జవాబు రాకపోతే రెండు వారాలు చూసి ఒక్కసారి గుర్తుచెయ్. అప్పటికీ రాకపోతే వదిలెయ్, నీమీద కోపమేమీ కాదు.

రెకమెండేషన్ ఉత్తరాల దగ్గర మన పిల్లలు చేజేతులా పోగొట్టుకుంటారు. మూడు కావాలి. మన దగ్గర సార్లు ఏమంటారో తెలుసుగా: "నువ్వే రాసి తీసుకురామ్మా, సంతకం పెడతా." మూడూ నువ్వే రాస్తే మూడింటిలో ఒకే గొంతు వినపడుతుంది, కమిటీ పట్టేస్తుంది. నా చేతికే అలాంటి ఫైలు వచ్చింది, మూడు ఉత్తరాల్లోనూ ఒకే అక్షరదోషం. సార్‌తో గొడవ పెట్టుకోకుండా ఒక పని చెయ్: "సార్, వాళ్లు మీ మాటల్లోనే కావాలంటున్నారు, నేను పాయింట్లు రాసిస్తాను" అను. ఆయన క్లాసులో నువ్వు రాసిన పేపరు, యార్డులో ఎన్ని నెలలు తిరిగావు, ఏ సెమినార్‌లో ఏం వాదించావు, గడువు తేదీల పట్టిక, అన్నీ ఒక కవర్లో పెట్టివ్వు. "సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, ఒబీడియంట్" అన్న మూడు మాటలతో ఉత్తరం వస్తే రానట్టే లెక్క. హెడ్డుగారి పెద్ద పేరు కంటే నీ డిసర్టేషన్ గైడ్ చేసిన మేడమ్ ఉత్తరం ఎన్నో రెట్లు నయం. వాళ్ల మెయిలు ఐడీ యూనివర్సిటీదైతే మంచిది, జీమెయిలైతే కొన్నిచోట్ల అనుమానిస్తారు. ఫారంలో "ఈ ఉత్తరం చూసే హక్కు వదులుకుంటున్నాను" అని ఒక గడి ఉంటుంది, టిక్ పెట్టు. పెట్టకపోతే ఆ ఉత్తరాన్ని ఎవరూ నమ్మరు. గడువుకు పది రోజుల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి గుర్తుచెయ్. మా సార్ ఒకాయన మర్చిపోయాడు. మొహమాటపడి నేను ఆయనకు గుర్తుచేయలేదు.

రైటింగ్ శాంపిల్‌కు డిసర్టేషన్ రెండో అధ్యాయం పంపకు. అదంతా ఎవరేమన్నారన్న జాబితా. హమాలీల భోజనాల వేళ గురించి రాసిన నాలుగో అధ్యాయం పంపు, ఇరవై పేజీలకు కుదించి. జీఆర్‌ఈ చాలా శాఖలు ఎత్తేశాయి, ఐచ్ఛికం అంటే పంపకు. ఇంగ్లిష్ మీడియం డిగ్రీకి టోఫెల్ మినహాయింపు ఉందేమో ఒక్కో చోట అడుగు. మార్కులను అమెరికావాళ్ల నాలుగు పాయింట్ల జీపీఏలోకి నువ్వు మార్చకు, ఉన్నవి ఉన్నట్టే వెయ్యి. ట్రాన్‌స్క్రిప్టులకు మాత్రం ఈ నెలలోనే అర్జీ పెట్టు. సీలు వేసే మనిషి సెలవులో ఉన్నాడని నన్ను ఒక ఆఫీసులో ఇరవై రెండు రోజులు తిప్పారు.

డబ్బు దగ్గర నామాట ఒక్కటే: నువ్వు కట్టే పీహెచ్‌డీకి పోవద్దు. అమెరికాలో మంచి శాఖలు ఐదారేళ్లు ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, ఆరోగ్య బీమా ఇచ్చి, స్టైపెండ్ ఇస్తాయి. కొన్ని ప్రభుత్వ యూనివర్సిటీలలో అది ఏడాదికి 25,000 డాలర్లు కూడా ఉండదు, డబ్బున్న ప్రైవేటు చోట్ల 40,000 దాటుతుంది. అంకె చూసి మురిసిపోకు, ఆ ఊరి గది అద్దె పక్కన పెట్టి చూడు. ఎండాకాలం మూడు నెలలు జీతం వస్తుందా? నువ్వు వరంగల్‌లో ఫీల్డ్‌వర్క్ చేసే ఏడాది, ఏడాదిన్నర వస్తుందా? ఐదేళ్లు అయ్యాక ఏం గతి? పీహెచ్‌డీ ఏడెనిమిదేళ్లు పడుతుంది మరి. ఇవి ప్రొఫెసర్‌ను కాదు, అక్కడ చదువుతున్న నాలుగో ఏడాది పిల్లల్ని అడుగు, కడుపులో దాచుకోకుండా చెప్తారు. అమెరికా సర్కారు ఇచ్చే ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్, ఫుల్‌బ్రైట్-హేస్ లాంటివి విదేశీ విద్యార్థులకు ఇవ్వరు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ మన దేశంలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు. వెన్నర్-గ్రెన్ ఫౌండేషన్ ఫీల్డ్‌వర్క్ గ్రాంటుకు మాత్రం ఏ దేశంవాళ్లయినా పెట్టొచ్చు, 25,000 డాలర్ల దాకా ఇస్తారు.

బ్రిటన్ దారి వేరు. అక్కడ మూడు నాలుగేళ్లలో ముగుస్తుంది, కోర్సులు తక్కువ, రీసెర్చ్ ప్రపోజల్ ముందే కావాలి, గైడ్ ముందే ఒప్పుకోవాలి. సీటు వేరు, డబ్బు వేరు. సీటు వచ్చి డబ్బు రాక ఆగిపోయినవాళ్లు ఎందరో. గేట్స్ కేంబ్రిడ్జ్, క్లారెండన్, ఫెలిక్స్, కామన్వెల్త్ స్కాలర్‌షిప్పుల తేదీలు విడివిడిగా రాసిపెట్టుకో. యూకేఆర్‌ఐ (బ్రిటన్ సర్కారు పరిశోధన నిధుల సంస్థ) డబ్బుతో నడిచే సీట్లకు 2021 నుంచి విదేశీయులనూ తీసుకుంటున్నారు, 30 శాతం దాకా. జర్మనీ, నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ ఉద్యోగ ప్రకటనలాగే వస్తుంది, జీతం బాగుంటుంది. కాకపోతే చాలాసార్లు ప్రశ్న వాళ్లది, చెయ్యి నీది.

నీ స్నేహితురాలు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గురించి అడిగిందన్నావు. ఎస్సీ, సంచార జాతుల పిల్లలకు కేంద్రం ఇచ్చేది. 2022లో నిబంధన మార్చి, భారతదేశ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద చేసే పరిశోధనలకు ఇవ్వబోమన్నారు. మన వాడ గురించి మనం చదవడానికి మన సర్కారు డబ్బు పనికిరాదన్నమాట. నాకు ఇప్పటికీ మింగుడుపడదు. దరఖాస్తు పెట్టేముందు ఈ ఏడాది నోటిఫికేషన్‌లో ఆ ముక్క అక్షరం అక్షరం చదవమను.

దరఖాస్తు ఫీజు ఒక్కో చోట 75 నుంచి 125 డాలర్లు. అక్టోబరులోనే గ్రాడ్యుయేట్ ఆఫీసుకు మినహాయింపు అడుగుతూ రాయి. అడగడానికి సిగ్గుపడకు, నేను పడే పదకొండు ఫీజులు కట్టాను. ఏడెనిమిది చోట్లు చాలు. గడువులు ఎక్కువగా డిసెంబరు 1 నుంచి 15 లోపు. జవాబులు ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి. ఫండింగ్‌తో సీటొస్తే, ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే వీలుంటుంది. చాలా యూనివర్సిటీలు ఆ ఒప్పందం మీద సంతకం పెట్టాయి. ముందే చెప్పమని ఎవరైనా తొందరపెడితే నాకు ఫోన్ చెయ్.

అన్నకు ఒక మాట చెప్పు, పొలం కాగితాలు బ్యాంకులో పెట్టే పని లేదని. అమీర్‌పేట కన్సల్టెన్సీల దగ్గరికి నిన్ను తీసుకుపోతానంటే వద్దను, వాళ్లకు ఎంఎస్ తప్ప ఇంకో చదువు తెలియదు.

కొత్త డ్రాఫ్ట్ ఆగస్టు 10కల్లా పంపు, రెండు పేజీలు దాటొద్దు. ఈలోపు ఒకసారి ఏనుమాముల పోయి ఆ దడువాయినే అడుగు: సొంత బామ్మర్ది మిర్చి తెస్తే కూడా తరుగు తీస్తారా, తీస్తే ఎంత? ఏమన్నాడో అదే రోజు రాత్రి రాసిపెట్టి నాకూ పంపు. మూడు రోజుల నుంచి అదే ఆలోచిస్తున్నాను.

మీ అత్తమ్మ