జులై 31కి ముందు ఒక మాట

ట్రాయ్, మిషిగన్
2025 జులై 16

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

నిన్న రాత్రి బేస్‌బాల్ మేటి ఆటగాళ్లు ఆడే ఆల్‌స్టార్ మ్యాచ్ మొదలవబోతుండగా గుంటూరు నుంచి మీ అమ్మ ఫోను చేసింది. అక్కడ అప్పటికి ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. ఈ శనివారం నుంచి నువ్వు తెలుగు ఇంటర్నెట్ రేడియోలో బేస్‌బాల్ చర్చ నడపబోతున్నావని, మన డెట్రాయిట్ టైగర్స్ ఎవరిని వదులుకోవాలో, ఎవరిని తెచ్చుకోవాలో శ్రోతలతో మాట్లాడిస్తావని చెప్పింది. ఆ ఆట ఏమిటో మీ అమ్మకు తెలియదు. అయినా "పిల్ల ఆ దేశం ఆట గురించి మన భాషలో చెబుతుందట అన్నయ్యా" అని రెండుసార్లు అంది. నాలుగేళ్ల కిందట మా ఇంట్లో సోఫా మీద కూర్చుని, "నాలుగు బంతులు వదిలేస్తే నడుచుకుంటూ వెళ్లిపోవచ్చా మామయ్యా, ఇదెక్కడి న్యాయం?" అని అడిగిన దానివి నువ్వు. నా ఛాతీ ఎంత పొంగిందో మీ అత్తయ్యను అడుగు.

ఆ తరవాత నిద్ర పట్టలేదు. దాని కారణం వేరు. నిన్న వేయడానికి మొదట బంతి అందుకున్నది మన టైగర్స్ పిచ్చర్ స్కూబల్. ఆట జరిగింది అట్లాంటాలో. టీవీలో వ్యాఖ్యానం చెప్పిన గొంతు ఒకప్పటి పిచ్చర్ జాన్ స్మోల్ట్జ్‌ది. ఆ మూడూ ఒకచోట కలిసేసరికి ముప్పై ఎనిమిదేళ్ల కిందటి తప్పు ఒకటి నా పక్కన వచ్చి కూర్చుంది. అందుకే ఈ ఉత్తరం.

నియమాల సంగతి నీకు నేను చెప్పనక్కరలేదు. జట్లు ఆటగాళ్లను మార్చుకోవడానికి గడువు జులై 31 సాయంత్రం ఆరు గంటలు. గడువు దాటాక కూడా మార్చుకోనిచ్చే ఆగస్టు దొడ్డిదారిని 2019 నుంచి మూసేశారు. బయటి నుంచి ఒకరిని తెస్తే ఆటకు దిగగల 26 మంది జాబితాలో ఒకరికి చోటు పోతుంది, జట్టు పెద్ద జాబితా అయిన 40 మందిలోనూ ఖాళీ ఉండాలి. తెమ్మని అడిగే ప్రతివారినీ, తీసేయవలసింది ఎవరినో కూడా చెప్పమను. సగం వాదనలు అక్కడే చల్లబడతాయి.

అసలు గొడవ ఎక్కడ వస్తుందో నాకు తెలుసు. ఆల్‌స్టార్ విరామానికి మనవాళ్లు 59 గెలిచి 38 ఓడారు. అమెరికన్ లీగ్‌లో అంతకంటే మంచి లెక్క ఎవరికీ లేదు. కానీ విరామానికి ముందు సియాటిల్ చేతిలో వరసగా మూడు ఓడగానే జనానికి గుండె దడ పట్టుకుంది. చివరి ఇన్నింగ్స్‌లలో బంతి వేయడానికి గట్టివాడు కావాలి, దానికి మాక్స్ క్లార్క్‌నో కెవిన్ మెక్‌గోనిగల్‌నో ఇచ్చేద్దాం అంటారు. ఇద్దరినీ 2023లో హైస్కూలు నుంచి నేరుగా ఎంపిక చేసుకున్నాం. ఇద్దరికీ ఇరవై ఏళ్లే. "ఇరవై ఏళ్ల కుర్రాడు ఎప్పుడో ఏదో అవుతాడని ఈ ఏటి కప్పు వదులుకుంటామా?" అని ఎవరో ఒకరు నీకు ఫోను చేసి తీరతారు. ఆ మాట నేనూ అన్నాను. అక్షరం పొల్లుపోకుండా అన్నాను.

నేను లాన్సింగ్‌కు వచ్చింది 1983 చలికాలంలో. అచ్చులు, పనిముట్లు తయారుచేసే ఒక చిన్న కార్ఖానాలో కొలతల పని. అక్కడ అరవై ఏళ్లకు దగ్గరపడిన పనివాడు ఒకాయన ఉండేవాడు. నాకు ఆట నేర్పింది ఆయనే. మధ్యాహ్నం పూట నా అన్నం డబ్బా పక్కన చిన్న రేడియో పెట్టి, టైగర్స్ వ్యాఖ్యాత ఎర్నీ హార్వెల్ చెప్పే ప్రతి మాటకూ నాకు అర్థం విడమర్చేవాడు. మరుసటి ఏడు టైగర్స్ మొదటి 40 ఆటల్లో 35 గెలిచి, అక్టోబరులో వరల్డ్ సిరీస్ కప్పు ఎత్తారు. నన్ను తొంభై మైళ్లు తన పాత కారులో డెట్రాయిట్ తీసుకెళ్లి టైగర్ స్టేడియం చూపించింది ఆయనే. ఆ ఊళ్లో నాకు దొరికిన మొదటి పెద్దదిక్కు.

1987 ఆగస్టు 12, బుధవారం. టొరంటోతో నువ్వా నేనా అన్నట్టు పోటీ. మనకు పిచ్చర్ కావాలి. అట్లాంటా నుంచి డాయిల్ అలెగ్జాండర్‌ను తెచ్చారు. ఆయనకు 36 ఏళ్లు. బదులుగా ఇచ్చింది కింది స్థాయి మైనర్ లీగ్‌లో ఆడుతున్న ఇరవై ఏళ్ల స్మోల్ట్జ్‌ను. లాన్సింగ్‌లో పెరిగిన కుర్రాడు. వాళ్ల తాతగారు టైగర్ స్టేడియంలో పనిచేసిన మనిషి. 1985లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో 22వ రౌండు దాకా ఎవరూ పిలవకపోతే టైగర్స్ పిలిచారు. 1987లో గ్లెన్స్ ఫాల్స్ మైనర్ లీగ్ జట్టులో పిచ్చర్‌గా వాడి పేరున రాసిన లెక్క 4 గెలుపులు, 10 ఓటములు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు 5.68.

ఆ మధ్యాహ్నం మా ముసలాయన అన్నం ముట్టలేదు. "ఈ అబ్బాయి బంతి నేను వేవర్లీ హైస్కూల్లో చూశాను" అన్నాడు. అంతే అన్నాడు. నేను పత్రికలోని అంకెల మీద వేలు పెట్టి, "నాలుగు గెలుపులు, పది ఓటములు. ఇంకా చూడవలసింది ఏముంది?" అన్నాను. కొలతల పనివాణ్ని కదా, పరికరం చూపిన అంకెను నమ్మడమే నా వృత్తి అనుకునేవాణ్ని. అమ్మలూ, ఆ ముసలాయన మాత్రం ఏ భాగమైనా చేతికి రాగానే ముందు అంచును బొటనవేలితో తడిమేవాడు. ఆ తరవాతే మైక్రోమీటరు తీసేవాడు. మూడేళ్లుగా రోజూ చూస్తూ కూడా నేను దానికి అర్థం గ్రహించలేదు.

తరవాత జరిగింది నీకు తెలుసు. అలెగ్జాండర్ 11 ఆటల్లో బంతి అందుకుని 9 గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. సగటు 1.53. టొరంటో చివరి ఏడూ ఓడింది. అక్టోబరు 4, ఆదివారం, చివరి రోజున ఫ్రాంక్ టనానా వాళ్లకు ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. లారీ హెర్న్‌డన్ కొట్టిన ఒకే ఒక్క హోమ్‌రన్‌తో 1-0గా గెలిచాం. రెండు ఆటల తేడాతో డివిజన్‌లో, అంటే లీగ్‌లోని మన విభాగంలో, మొదటి స్థానం మనది. అలెగ్జాండర్ లేకపోతే అది లేదు. ఆ మాట ఈరోజుకీ అంటాను, నువ్వూ ధైర్యంగా అను.

సోమవారం పొద్దున నేను అందరికంటే ముందు పనికి వెళ్లాను. పత్రికలోంచి అలెగ్జాండర్ లెక్క కత్తిరించి, దాని కింద ఎర్ర సిరాతో స్మోల్ట్జ్ 4-10 రాసి, ఆ ముసలాయన పనిబల్ల ముందు గోడకు అంటించాను. పదిమంది చుట్టూ చేరారు. నవ్వారు. ఆయన వచ్చి చదివాడు. కాగితం ఊడదీసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని యంత్రం ఆన్ చేశాడు. ఆ మధ్యాహ్నం రేడియో నా బల్ల దగ్గరకు రాలేదు. ఆ తరవాత ఎప్పుడూ రాలేదు.

వారం తిరిగేసరికి, సీజన్ చివరి ప్లేఆఫ్‌లలో, మిన్నెసోటా మనల్ని 4-1తో ఇంటికి పంపింది. అలెగ్జాండర్ రెండుసార్లు బంతి అందుకుని రెండూ ఓడాడు. రెండేళ్లకు, 1989లో, ఆయన 6 గెలిచి 18 ఓడాడు. మన జట్టు 103 ఆటలు ఓడింది. మళ్లీ ప్లేఆఫ్‌లు చూడటానికి 2006 దాకా ఆగవలసి వచ్చింది. మరి ఆ కుర్రాడు? 1991లో సగం సీజన్‌కు 2 గెలిచి 11 ఓడాడు. అప్పుడు అట్లాంటాలో చర్చ జరిగి ఉంటే వాణ్ని తీసేయమనే అనేవారు అందరూ. 1987లో జనరల్ మేనేజరుగా వాణ్ని తెచ్చుకున్న బాబీ కాక్స్ అప్పటికి జట్టు మేనేజరు. ఆయన మళ్లీ మళ్లీ బంతి వాడి చేతికే ఇచ్చాడు. మిగతా సగంలో 12 గెలిచి 2 ఓడాడు. ఆ అక్టోబరులో వరల్డ్ సిరీస్ ఏడో ఆటకు, మన పాత పిచ్చర్ జాక్ మారిస్‌కు ఎదురుగా, ఆ కుర్రాడు నిలబడ్డాడు. నేను ఇంట్లో ఒక్కణ్నే కూర్చుని చూశాను. అప్పటికి డెట్రాయిట్ వైపు మారిపోయాను. ముసలాయన నంబరు నా దగ్గర ఉంది. ఫోను దాకా వెళ్లి తిరిగి వచ్చాను. 1996లో స్మోల్ట్జ్‌కు మేటి పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ బహుమతి వచ్చిన రోజు మాత్రం ఆగలేక చేశాను. ఎత్తింది ఆయన భార్య. ఆయన పోయి ఏడాది దాటిందని చెప్పింది.

మార్పిడి విషయంలో నాది తప్పా ఒప్పా అని నేను బాధపడటం లేదు. ఆ ఏడు మనకు డివిజన్ దక్కింది, అట్లాంటాకు 213 గెలుపులు, చివర్లో వచ్చి గెలుపు కాపాడిన 154 సేవ్‌లు సాధించబోయే మనిషి దక్కాడు. దాన్ని ఎటు తూచినా తూచవచ్చు. నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి. ఆ ముసలాయన హైస్కూలు మైదానంలో కంచె పక్కన నిలబడి ఏదో చూశాడు. భుజం తిరిగే తీరో, ఓడుతున్నప్పుడు ఆ పిల్లవాడు నిలబడ్డ తీరో. ఏం చూశావని నేను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే ఆట గురించి ఇంకో పదేళ్ల పాఠం నాకు దక్కేది. ఆయన రేడియో కూడా నా బల్ల మీదే ఉండేది.

కాబట్టి తల్లీ, నీకు ఫోను చేసినవాళ్లు ఏ పిచ్చి మాట చెప్పినా, ఎదురు అంకె చదవడానికి ముందు "మీరేం చూశారు?" అని అడుగు. నీకు అంకెలు బాగా వచ్చు, డేటా చదువే చదివావు. అందుకే నాకు భయం.

గెలిచినవాళ్లను రాత్రికి రాత్రి గొప్పవాళ్లను చేయకు. నిరుడు జులై 30న మనవాళ్లు పిచ్చర్ జాక్ ఫ్లాహర్టీని లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు అమ్మేసినప్పుడు నువ్వు మా ఇంట్లో ఎంత కోపంగా గిన్నెలు కడిగావో నాకు గుర్తుంది. పోరాటం వదిలేశారు అన్నావు. బదులుగా వచ్చిన ట్రే స్వీనీ మైదానంలో షార్ట్‌స్టాప్ అనే చోట నిలదొక్కుకున్నాడు, జట్టు 86 గెలిచి పదేళ్ల తరవాత ప్లేఆఫ్‌లకు వెళ్లి హ్యూస్టన్‌ను వాళ్ల ఊళ్లోనే ఓడించింది. ఫ్లాహర్టీ అక్కడ కప్పు గెలిచి ఈ ఏడు మళ్లీ మన దగ్గరకే వచ్చాడు. ఆ జులై రాత్రి ఎవరు ఒప్పో ఎవరికి తెలుసు?

ఇంకొకటి. ఆటగాణ్ని సరుకులా మాట్లాడకు. 2023లో మన పిచ్చర్ ఎడ్వార్డో రోడ్రిగెస్ లాస్ ఏంజెలెస్ వెళ్లనని తన ఒప్పందంలోని హక్కు వాడుకున్నప్పుడు జనం ఎన్ని మాటలు అన్నారో! కుటుంబానికి దగ్గరగా ఉండాలని ఆయన అన్నాడు. నేను లాన్సింగ్ నుంచి ఇక్కడికి మారింది మీ బావ మూడో తరగతి సగంలో ఉండగా. వాడు ఆ చలికాలమంతా బడి నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. మార్పిడి అనే మాట నోట్లోంచి వచ్చినప్పుడల్లా నాకు ఆ వీపు కనిపిస్తుంది.

ఇక పందేలు. ఇది సలహా అనుకోకు, ఆజ్ఞ అనుకో. మిషిగన్‌లో 2021 నుంచి ఫోనులోనే పందెం కట్టవచ్చు. నీ కార్యక్రమానికి నలుగురు వినేవాళ్లు దొరకగానే ఆ కంపెనీల మనుషులు ప్రకటన డబ్బుతో వస్తారు. తీసుకోవద్దు. ఎవరు ఏ జట్టుకు వెళతారో పందెం కట్టమని సరదాకైనా అనవద్దు. మా చిన్నాన్న సంగతి మీ అమ్మను అడుగు. సంక్రాంతి కోడిపందాలతో మొదలై పేకాటతో ముగిసేసరికి కాలువ కింద ఎకరం ముప్పై సెంట్లు పోయాయి. మా పిన్ని ఆ తరవాత ఎప్పుడూ పండక్కి కొత్త చీర కట్టలేదు. నిరుడు టుకుపిటా మార్కానో అనే కుర్రాడిని, ఇరవై నాలుగేళ్లవాణ్ని, బేస్‌బాల్ మీద పందేలు కాసినందుకు జీవితకాలం ఆట నుంచి వెలివేశారు. నీకు ఇది అతిగా అనిపిస్తే అనిపించనీ. మామయ్య మాట ఈ ఒక్కటి విను.

మెక్‌గోనిగల్‌నూ క్లార్క్‌నూ ఈ నెలలోనే మన మైనర్ లీగ్ జట్టు అయిన ఎరీకి పంపారు. మన ఇంటి నుంచి కారులో నాలుగు గంటల పైనే దారి. శనివారం నువ్వు వాళ్ల గురించి మాట్లాడతావు, కానీ ఇద్దరిలో ఎవరినీ కళ్లారా చూడలేదు. నేనూ చూడలేదు. వాళ్లు సొంత మైదానంలో ఆడే రోజు ఏదో చూసి చెప్పు, కారు నేను నడుపుతాను. అత్తయ్య పులిహోర కట్టి ఇస్తానంటోంది. పల్చని శాలువా ఒకటి తెచ్చుకో, రాత్రికి అక్కడ సరస్సు గాలి వీస్తుంది.

నీ మామయ్య