జానీ యునైటస్ రికార్డులన్నీ పోయాక కూడా ఆయన్ని అంత గొప్ప క్వార్టర్‌బ్యాక్ అని ఎందుకంటారు?

యునైటస్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్‌లు విసురుతూ జట్టు దాడిని నడిపేవాడు. కెరీర్‌లో పాస్‌లతో మొత్తం 40,239 గజాలు, 290 టచ్‌డౌన్ పాస్‌లు (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించి పాయింట్లు తెచ్చేవి). మీరన్నట్టు ఈ కాలం ఆటగాళ్లు వీటిని ఎప్పుడో దాటేశారు. పైగా 253 సార్లు ఆయన పాస్‌లు ప్రత్యర్థుల చేతుల్లో పడ్డాయి. అయినా ఈ అంకెలతో యునైటస్‌ని తూచకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

నేను చాలా ఏళ్లుగా, ఆయన ఆడిన బాల్టిమోర్ పక్కనే ఉంటున్నాను. ఈ ఆట నాకు అర్థమయ్యేలా చెప్పింది మా పక్కింటి పెద్దాయన. చిన్నప్పుడు ఇక్కడి మెమోరియల్ స్టేడియంలో యునైటస్ ఆట కళ్లారా చూసిన మనిషి. ఆయన మొదట చెప్పింది పాస్‌ల గురించి కాదు, ప్లేలు, అంటే ప్రతిసారీ బంతిని ఎలా ముందుకు తీసుకెళ్లాలన్న ఎత్తుగడలు, ఎవరు ఎంచుకునేవారో ఆ సంగతి. ఇప్పుడు కోచ్ మాట క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోని రేడియోలో వినిపిస్తుంది. యునైటస్ మాత్రం దాదాపు ప్రతి ప్లే తనే నిర్ణయించేవాడు. మన క్రికెట్‌లో ఏ బౌలర్‌కి బంతి ఇవ్వాలి, ఫీల్డర్ ఎక్కడ నిలబడాలి అని కెప్టెన్ మైదానంలోనే తేల్చుకుంటాడు కదా, అలాగన్నమాట. అప్పట్లో పాస్‌లు అందుకునే రిసీవర్లను పరుగు మధ్యలో నెట్టినా తోసినా పెద్దగా అడ్డు చెప్పే రూల్స్ లేవు. సీజన్‌కి 12 ఆటలే. అలాంటి రోజుల్లో, 1959లో 32 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు.

1933లో పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఐదేళ్లప్పుడే తండ్రి పోతే, తల్లి బొగ్గు సరఫరా వ్యాపారం తన మీద వేసుకుని పిల్లల్ని పెంచింది. లూయివిల్ యూనివర్సిటీలో ఆడాక 1955లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు కొత్త ఆటగాళ్ల ఎంపికలో తొమ్మిదో రౌండ్‌లో తీసుకుంది కానీ, సీజన్ మొదలుకాక ముందే పంపించేసింది. సన్నాహక మ్యాచ్‌లలో కూడా ఒక్క అవకాశం ఇవ్వలేదు. అప్పటికే పెళ్లైన మనిషి, పగలు నిర్మాణ పనులకు వెళ్తూ బ్లూమ్‌ఫీల్డ్ రామ్స్ అనే చిన్న జట్టుకి ఆటకి ఆరు డాలర్లకి ఆడాడు. 1956లో బాల్టిమోర్ కోల్ట్స్ జట్టు పిలిచింది. మొదటి క్వార్టర్‌బ్యాక్ గాయపడితే మైదానంలోకి దిగాడు. ఆ ఆటలో వేసిన మొదటి పాస్‌నే ప్రత్యర్థి పట్టుకుని టచ్‌డౌన్ చేశాడు! అదే ఏడాది చివర్లో మొదలుపెట్టి 1960 దాకా వరుసగా 47 ఆటల్లో కనీసం ఒక్క టచ్‌డౌన్ పాసైనా వేశాడు. ఆ రికార్డు 2012లో క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ చేతిలో పోయేదాకా నిలిచింది.

ఇక 1958 డిసెంబర్ 28. న్యూయార్క్ యాంకీ స్టేడియంలో జెయింట్స్ జట్టుతో లీగ్ ఫైనల్. ఆట ముగియడానికి రెండు నిమిషాలు కూడా లేవు, కోల్ట్స్ 14-17తో వెనకబడి ఉంది, బంతి తమ 14 గజాల గీత దగ్గర, అంటే తమ గోల్‌కి 14 గజాల దూరంలోనే. మధ్యలో రిసీవర్ రేమండ్ బెర్రీకి వరుసగా మూడు పాస్‌లు, కలిపి 62 గజాలు. ఇంకా ఏడు సెకన్లు ఉండగా ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్ మీదుగా తన్ని తెచ్చే మూడు పాయింట్లు) స్కోర్ సమం. ఛాంపియన్‌షిప్ ఆట ఓవర్‌టైమ్‌కి (అదనపు సమయానికి) వెళ్లడం అదే మొదటిసారి.

ఓవర్‌టైమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఒకటుంది. జెయింట్స్ రక్షణ ఆటగాడు (లైన్‌బ్యాకర్) సామ్ హఫ్, బెర్రీని కాయడానికి కాస్త వెనక్కి జరిగాడు. ప్లే మొదలయ్యే గీత దగ్గర నిలబడి అది గమనించిన యునైటస్, అప్పటికప్పుడు ప్లే మార్చి బంతిని, దాన్ని పట్టుకుని పరుగెత్తే అలన్ అమీచీకి ఇచ్చాడు. ఖాళీ అయిన మధ్య దారిలోంచి అమీచీ ఇరవైకి పైగా గజాలు పరుగెత్తాడు. గోల్ దగ్గరకొచ్చాక కూడా యునైటస్ ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకోకుండా పాస్ వేశాడు. ఇంకెవరైనా అయితే ఆ టెన్షన్‌లో అంత సాహసం చేసేవారు కాదు. చివరికి అమీచీ ఒక్క గజం దూకి 23-17తో ముగించాడు. టీవీలో కోట్లమంది చూసిన ఆ ఆటే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌ని అమెరికా ఇంటింటికీ చేర్చింది.

దీనికంతటికీ ఆయన ఒళ్లు మూల్యం చెల్లించింది. 1968 సీజన్ ముందు కుడి చేతికి పెద్ద గాయమైంది. ముసలితనంలో ఆ చేతి వేళ్లు పనిచేయక, గోల్ఫ్ ఆడాలంటే కర్రకి చేతిని పట్టీతో బిగించుకునేవాడు. వైకల్య భత్యం అడిగితే లీగ్ నిరాకరించింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

1984 మార్చిలో కోల్ట్స్ యజమాని రాత్రికి రాత్రే సామాను ట్రక్కుల్లో ఎక్కించి జట్టుని ఇండియానాపోలిస్‌కి తరలించాడు. యునైటస్ ఆ జట్టుతో తెగతెంపులు చేసుకుని, తన పేరు బాల్టిమోర్‌తో మాత్రమే ఉండాలని పట్టుబట్టాడు. తర్వాత బాల్టిమోర్‌కి రేవెన్స్ అనే జట్టు వచ్చాక వాళ్ల పక్కన నిలబడ్డాడు. 2002లో ఆయన పోయాక ఇక్కడి స్టేడియం బయట విగ్రహం పెట్టారు, జనం దాని బూటు తాకి లోపలికి వెళ్తారు. ఇండియానాపోలిస్ జట్టు మాత్రం ఆయన అంకెల్ని తమ రికార్డు పుస్తకంలోనే ఉంచుకుంది. ఆయన వద్దని చెప్పాక కూడా అలా చేయడం నాకు న్యాయంగా అనిపించదు.