తాడు కట్టుకున్నాక ఎంతవరకు నవ్వొచ్చు?

కొండలెక్కే వారి ప్రశ్నలకు జవాబులిచ్చే ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా జట్టులో సాగే ఏడిపింపుల గురించే. వాటిలోంచి ఐదు తీసుకున్నాం.

ప్రశ్న: భువనగిరి కోట బండ మీద ఎక్కడం నేర్చుకుంటున్నాను. సగం దూరం వెళ్లేసరికి కుడికాలు టకటకా వణుకుతుంది. కింద ఉన్నవాళ్లు "మిషన్ స్టార్టయింది, జాకెట్లు కుట్టించుకునేవాళ్లు రండి" అని కేకలేస్తారు. ఇది భయమేనా?
– ఒక పాఠకుడు, భువనగిరి

జవాబు: భయం కొంతే, పిక్క అలసట ఎక్కువ. మడమ పైకెత్తి మునివేళ్ల మీద అలాగే నిలబడిపోతే పిక్క కండరం బిగుసుకుని, మన ప్రమేయం లేకుండానే ముడుచుకుంటూ సాగుతూ ఉంటుంది. ఇంగ్లిష్ మాట్లాడే క్లైంబర్లు కూడా దీన్ని కుట్టుమిషన్ కాలు అనే అంటారు.

వణుకు మొదలవగానే మడమను కిందికి దించండి. మోకాలిని నిటారుగా చేసి, గాలి నెమ్మదిగా వదిలి, బరువును రెండో కాలి మీదికి మార్చండి. నాలుగైదు సెకన్లలో ఆగుతుంది. భువనగిరిది నున్నటి గ్రానైటు కాబట్టి మడమ దించితే ఇంకో లాభం ఉంది: బూటు అడుగున రబ్బరు ఎక్కువ మేర బండకు ఆనుతుంది. భయంతో బండను కావలించుకోవడమే కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు. ఛాతీ బండకు దగ్గరైతే బరువు పాదాల మీద నిలవదు, అవి జారతాయి. నడుము బండకు దూరంగా ఉంచి, అడుగులు చిన్నవిగా వేయండి. ఎక్కేముందు బూటు అడుగును ప్యాంటుకు తుడుచుకోండి. కొద్దిపాటి ఇసుక రేణువులున్నా పట్టు పోతుంది. ఎండాకాలంలో తెల్లవారుజామునే మొదలుపెట్టి, బండ కాలకముందే దిగిపోండి. వేడికి రబ్బరు మెత్తబడి పట్టు తగ్గుతుంది.

2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది మీరెక్కుతున్న ఈ బండ మీదే.

ప్రశ్న: మా గ్యాంగులో తాడు పట్టుకున్నవాడు కూడా జోకులేస్తూనే ఉంటాడు. "చెయ్యి వదిలేస్తున్నా చూస్కో" అంటాడు. నాకు చిరాకు. మిగతావాళ్లు నాకు హాస్యం తెలియదంటున్నారు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ చిరాకు న్యాయమైనదే. బండ కింద టీ తాగుతూ ఎవరి ఒళ్లు ఎంత బరువో లెక్కలేసుకోండి, పాత పరాభవాలన్నీ తవ్వుకోండి. జట్టు కలిసేది అలాగే. కానీ ముడి వేయడం మొదలైన క్షణం నుంచి ఎక్కినవాళ్ల కాళ్లు మళ్లీ నేల మీద ఆనేవరకు ఆ ఇద్దరి మధ్యా పనికొచ్చే మాటలే నడవాలి.

కారణం 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూక్స్‌లో జరిగిన ప్రమాదంలో ఉంది. ప్రపంచంలోనే మేటి క్లైంబర్లలో ఒకరైన లిన్ హిల్, నడుముకూ తొడలకూ బిగించుకునే పట్టీలైన హార్నెస్‌లోంచి తాడు దూర్చారు. ముడి పూర్తిచేసేలోగా బూట్ల కోసమని, ఎవరితోనో మాటల్లో పడి, అది మరచిపోయారు. పైన వేసుకున్న జాకెట్టు ఆ తప్పును కప్పేసింది. పైకి చేరి, దిగడానికి తాడు మీద బరువు వేయగానే సుమారు 70 అడుగులు పడిపోయారు. చెట్టు అడ్డుపడి బతికారు. అంత అనుభవమున్న మనిషికే మాటల్లో ముడి తప్పిపోతే, మొన్ననే నేర్చుకున్న వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

అందుకే ఎక్కేముందు ఇద్దరూ ఒకరినొకరు చేత్తో తాకి చూడాలి. కంటితో చూస్తే సరిపోదు. తాడు హార్నెస్‌లో నడుము దగ్గరా, కాళ్ల పట్టీల దగ్గరా ఉన్న రెండు లూపుల్లోంచీ వెళ్లిందా? ఎనిమిది అంకె ముడిలో తాడు జంటలు జంటలుగా, ఒకదానిమీదొకటి ఎక్కకుండా ఉందా? కొస కనీసం 15 సెంటీమీటర్లు మిగిలిందా? నడుం పట్టీ తుంటి ఎముకలకు పైన బిగిసిందా? కింద ఉన్నవాళ్లు తాడును అదుపుచేసే బిలే పరికరంలో తాడు సరైన వైపు నుంచి వెళ్లిందా, దాన్ని హార్నెస్‌కు తగిలించే లోహపు కొక్కెం, అంటే కారబైనర్, స్క్రూ పూర్తిగా బిగించి ఉందా? చివరగా తాడు రెండో కొసకు ముడి ఉందా? ఈ ఆఖరిదాన్నే చాలామంది వదిలేస్తారు. 60 మీటర్ల తాడుతో 30 మీటర్లు దాటిన చోటి నుంచి దింపుతుంటే కొస పరికరంలోంచి జారిపోతుంది, మనిషి కిందికొస్తాడు.

ఇక కేకలు. తెలుగులో "వదులు" అనే మాటను తాడు దగ్గర పూర్తిగా మానేయండి. ఒకరికి అది తాడు కాస్త సడలించమని, ఇంకొకరికి పూర్తిగా విడిచిపెట్టమని. తాడు కావాలంటే "స్లాక్", బిగించాలంటే "టైట్", అంతే. "స్లాక్ తీసెయ్" అని కలిపి అనకండి. గాలిలో మొదటి మాటే వినబడి, అవతలివాళ్లు ఇంకా తాడు వదులుతారు. పక్కపక్కన రెండు జట్లుంటే ముందు పేరు, తర్వాత కేక: "శీనూ, టైట్!" రాయి దొర్లితే "రాక్!" ఈ ఒక్క మాటతో ఎవరూ ఎప్పుడూ పరాచికమాడకూడదు. నాలుగుసార్లు ఉత్తుత్తిగా అరిస్తే ఐదోసారి ఎవరూ గోడకు అతుక్కోరు. అది వినగానే తలెత్తి చూడకుండా బండకు దగ్గరగా జరగాలి.

చెయ్యి వదిలేస్తానని బెదిరించే ఆ స్నేహితుడికి ఇది చూపించండి. అప్పటికీ మారకపోతే మీ తాడు అతని చేతికివ్వకండి.

ప్రశ్న: ఎత్తుకు వెళ్లేకొద్దీ కడుపులో గ్యాస్ విపరీతం. రాత్రి టెంటులో పరువు పోతోంది. పేరు కూడా పెట్టేశారు. పప్పన్నం మానేయాలా?
– పేరు వద్దన్న పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇది అందరికీ జరిగేదే. దీని మీద వైద్య పత్రికలోనూ రాశారు. బయటి గాలి ఒత్తిడి తగ్గితే పేగుల్లోని గ్యాస్ ఉబ్బుతుంది. 5,500 మీటర్ల దగ్గర ఒత్తిడి సముద్రమట్టంలో సగమే కాబట్టి, అదే గ్యాస్‌కు దాదాపు రెండింతల చోటు కావాలి. బిగబట్టుకుంటే కడుపునొప్పే మిగులుతుంది.

పప్పు మానక్కర్లేదు, ఉడకనిది తినకూడదు. 5,000 మీటర్ల దగ్గర నీళ్లు సుమారు 83 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో ఎంతసేపు మరిగించినా కందిపప్పు గుండ్రాయిలాగే ఉంటుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ మోసుకెళ్లండి. పెసరపప్పు తీసుకుని, గంటసేపు నానబెట్టి, ఇంట్లో కంటే రెండు మూడు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. శనగలు, రాజ్మా దిగొచ్చాక తినొచ్చు.

ప్రశ్న: వచ్చే నెల లేహ్ వెళ్లి ఒక శిఖరం ఎక్కబోతున్నాం. మా జట్టులో ఎవరైనా తలనొప్పి అంటే "పేషెంట్" అని ముద్ర వేస్తారు. అందుకని నోరు మూసుకుని నడవడం అలవాటైంది. ఫర్వాలేదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఫర్వా ఉంది. ఏడిపింపుల్లో ప్రాణం తీయగలిగింది ఇదే. తలనొప్పి దాచిపెట్టి ఇంకో 500 మీటర్లు ఎక్కితే మెదడు వాపుకో ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికో దారితీయవచ్చు. వ్యాయామం బాగా చేసేవాళ్లకు రాదన్నది అపోహ. దమ్మున్నవాళ్లు తొందరగా ఎక్కేస్తారు కాబట్టి వాళ్లకూ వస్తుంది.

రోజూ ఉదయం, రాత్రి భోజనమయ్యాక జట్టంతా లెక్క చెప్పాలి. తలనొప్పి, వికారం, నీరసం, తల తిరగడం: ఒక్కోదానికి 0 నుంచి 3. తలనొప్పి ఉండి మొత్తం 3 గానీ అంతకు మించి గానీ వస్తే అది ఎత్తు జబ్బే, ఆరోజు పైకి వెళ్లకూడదు. ముందుగా నాయకుడు తన అంకె చెప్పాలి. అందరూ చెప్పే చోట పేషెంటని ఒక్కరినే వేలెత్తి చూపడం కుదరదు.

లేహ్ 3,500 మీటర్లు. విమానంలో దిగినవాళ్లు కనీసం రెండు రోజులు ఊళ్లోనే మెల్లగా తిరగాలి. 3,000 దాటాక నిద్రపోయే చోటును రోజుకు 500 మీటర్ల కంటే పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి తీసుకోవాలి. మద్యం, నిద్రమాత్రలు ముట్టుకోకండి. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్రను సాధారణంగా 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి ఇస్తారు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువవుతుంది. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి.

అనుమానం వస్తే మనిషిని ఒక కాలి మడమ రెండో కాలి వేళ్లకు ఆనేలా అడుగులు వేయిస్తూ తిన్నటి గీత మీద నడిపించండి. తూలితే మెదడు మీద ప్రభావం పడిందని అర్థం. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గులో గులాబీ రంగు నురగ వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. రాత్రయినా సరే, తోడుగా ఒకరుండి కిందికి దింపాలి. ఆక్సిజన్, మందులు ఉంటే ఇవ్వండి. అయినా దింపడం మాత్రం ఆపకండి.

ప్రశ్న: రాత్రి చలిలో బయటికి వెళ్లలేక టెంటులోనే మూత్రానికి సీసా వాడమంటున్నారు సీనియర్లు. నిజమా, ఆట పట్టిస్తున్నారా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: నిజమే. లీటరు పట్టే, మూతి వెడల్పుగా ఉన్న గట్టి ప్లాస్టిక్ సీసా తీసుకోండి. మంచినీళ్ల సీసాకు పూర్తిగా వేరే ఆకారంలో ఉండాలి, చుట్టూ టేపు చుట్టాలి. చీకట్లో వేళ్లకే తేడా తెలియాలి. ఇంటి దగ్గర ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని సాధన చేయండి. ఆడవాళ్లకు గరాటు దొరుకుతుంది, అదీ ముందే అలవాటు చేసుకోవాలి. మూత బిగించాక తలకిందులు చేసి కారట్లేదని చూసుకున్నాకే పక్కన పెట్టుకోండి.